పదహారో నంబరు జెర్సీ

గుంటూరు,
2024 డిసెంబరు 1, ఆదివారం

ప్రియమైన నాన్నకు,

క్రిస్టీనా వందనాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి వచ్చింది. చెల్లి జాస్మిన్ ఏ ఫుట్‌బాల్ జట్టులో ఆడాలో పదిహేనో తేదీకల్లా నేను వాళ్ళ కోచ్ బాషా సారుకి చెప్పాలి. ఫోన్ చేసి అడిగితే అమ్మ "మీ నాన్ననడుగు" అంటుంది. పత్తి జిన్నింగ్ మిల్లు మోతలో ఇరవై ఏళ్ళు పనిచేసిన నీ చెవులకి ఫోన్లో మాట అందదు. పక్కన నిలబడి అమ్మ అరిచి చెబితే నీకు తప్ప పల్లె అంతటికీ వినబడుతుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదివి, ఆలోచించి రాయి.

చెల్లిని నా దగ్గరికి తెచ్చుకుని, నేను లెక్కలు చెప్పే బడిలోనే చేర్చి ఏడాదిన్నర అయింది. ఫుట్‌బాల్ మాత్రం నేను నేర్పింది కాదు. బడి వదిలాక స్టేడియం వెనక గ్రౌండులో మొహిద్దీన్ బాషా గారు ఆడపిల్లలకి ఆట నేర్పుతారు. ఒకరోజు మేమిద్దరం అటుగా వస్తుంటే ఆయన ముందుకి బంతి దొర్లింది. మన జాస్మిన్ చెప్పులు వదిలేసి ఆ బంతిని ముగ్గురు పిల్లల మధ్య నుంచి తీసుకుపోయి మళ్ళీ ఆయన కాళ్ళ దగ్గరే పెట్టింది. ఆయన నన్ను పిలిచి "ఈ పిల్ల ఎవరి తాలూకు?" అన్నారు. "మా చెల్లెలండీ" అన్నాను. ఆ మాట అంత గర్వంగా అంతకుముందెప్పుడూ అనలేదు.

ఇప్పుడు సంగతేమిటంటే, సారు దగ్గర రెండు జట్లున్నాయి. మొదటిది పదమూడేళ్ళ లోపు వాళ్ళది. జనవరిలో ఒంగోలు వెళ్ళి వేరే జిల్లాల వాళ్ళతో ఆడుతుంది. రెండోది పన్నెండు లోపు పిల్లలూ, కొత్తగా వచ్చిన వాళ్ళూ కలిసింది. శనివారాలు చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళతో ఆడుతుంది. కొత్తవాళ్ళకి వయసు పట్టింపు లేదు.

సారు అన్నారు కదా, "చూడమ్మా, మీ చెల్లి మొదటి జట్టులో పదహారోది. రెండో జట్టులో మొదటిది. రెండూ నిజమే. ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి."

"మీరైతే ఏం చేస్తారు సార్?"

"నేను చెప్తే మీరు ఆలోచించడం మానేస్తారు."

నాకైతే మొదటి జట్టే అనిపిస్తోంది. బడి రికార్డు ప్రకారం వచ్చే జూన్ పదికి దానికి పదమూడు నిండుతాయి. ఆ తర్వాత పదిహేనేళ్ళ లోపు జట్టు తప్ప వేరే దారి లేదు. ఆ పిల్లలు దీనికంటే ఒక తలకాయ ఎత్తు. మన పిల్ల చూస్తే ఇంకా ఇంతే ఉంది. అంటే మొదటి జట్టు చొక్కా వేసుకోవడానికి దానికున్నది ఈ ఒక్క ఏడాదే. మన ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేను. వెనక బెంచీ నుంచి ముందు బెంచీకి రావడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. దానికి ఆ నాలుగేళ్ళు మిగల్చాలని నా ఆశ.

నీ మాట ఏమిటో పదిహేనో తేదీ లోపల రాయి.

నీ కూతురు
క్రిస్టీనా


చినదేవరపాలెం,
డిసెంబరు 8, ఆదివారం, ఆరాధన అయినాక

నా పెద్ద కుమార్తె క్రిస్టీనాకు నాన్న యేసుపాదం దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ హయాత్ ఇంటి ముందు సైకిల్ దిగకుండానే నా చెవి దగ్గరికి వంగి, "యేసుపాదం, ఈ రోజుల్లో చేత్తో రాసిన ఉత్తరాలు వచ్చేది ఈ మండలంలో నీ ఒక్కడికే. ఏంది, మీ అమ్మాయికి ఫోన్ లేదా?" అని అరిచాడు. "ఆమెకి ఫోనుంది, నాకు చెవులు లేవు" అన్నాను. వాడు నవ్వింది కనపడింది.

నా రాత బైబిల్లో అక్షరాలు చూసి కూడబలుక్కుని నేర్చిన రాత. తప్పులుంటే నువ్వు దిద్దుకో.

నువ్వు రాసింది మీ అమ్మకి చదివి వినిపించాను. చెప్పులు వదిలేసి బంతి తీసుకుపోయిన ముక్క మూడుసార్లు చదివించుకుంది. "ఆ చెప్పులు మళ్ళీ దొరికినయ్యా?" అని నిన్ను అడగమంది.

నాకు ఆట తెలియదు. తెలియనివాణ్ణి గనుక అడుగుతున్నాను. మొదటి జట్టులో పదహారో మనిషంటే ఆడే మనిషా, కూర్చునే మనిషా? ఒక పూటలో బంతి దాని కాలికి ఎన్నిసార్లు తగులుద్ది? రెండో జట్టులో ఎన్నిసార్లు? ఈ లెక్క నువ్వు చూశావా? లెక్కల టీచరువి గదా. ఇంకొకటి. తోటి పిల్లలకి పళ్ళన్నీ మారినయ్యా? మన చిన్నదానికి ఇంకా రెండు పాలపళ్ళు ఉండాలి, చూడమంటోంది మీ అమ్మ.

జూన్‌కి పదమూడు నిండుతాయని నువ్వు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. దాని గురించి మళ్ళీ రాస్తాను. మిరప తొలి కోత మొదలైంది, మీ అమ్మ కోత ముఠాలో ఇరవై రెండు మంది. కల్లంలో కాయ ఎండబెట్టే పని నాది.

చదువుకున్నదానివి, దాని పక్కనున్నదానివి. నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి. నేను కాదనను.

మీ నాన్న
యేసుపాదం


గుంటూరు,
2025 జనవరి 19, ఆదివారం

ప్రియమైన నాన్నకు,

వందనాలు. ముందు మంచి మాట. మన జాస్మిన్ మొదటి జట్టులో ఉంది. నీలం జెర్సీ, వీపు మీద తెల్లగా పదహారు. మొదటిరోజు ఇంట్లో వేసుకుని అద్దం ముందు వెనక్కి తిరిగి, మెడ తిప్పి చూసుకోవడానికి అరగంట తంటాలు పడింది. దాని ఫోటో ప్రింటు వేయించి ఇందులో పెట్టాను. చర్చిలో అందరికీ చూపించు.

ఒంగోలు వెళ్ళొచ్చాం. రెండు మ్యాచ్‌లు. ఒకటి గెలిచారు, ఒకటి సమానం. మొదటి మ్యాచ్‌లో చెల్లిని దించలేదు. రెండో మ్యాచ్‌లో చివరి ఆరు నిమిషాలు దించారు. నువ్వు అడిగావుగా, బంతి నాలుగుసార్లు తగిలింది. నాలుగుసార్లూ వెంటనే పక్కవాళ్ళకి ఇచ్చేసింది. అది క్రమశిక్షణ అని నేను అనుకున్నాను. 

ఇంటికొచ్చాక అడిగాను, "ముందుకి తీసుకెళ్ళొచ్చుగా, అలా ఇచ్చేశావేంటే?"

"పోగొడితే మళ్ళీ దించరక్కా."

నాన్నా, మునుపు ఆ పిల్ల బంతి పోగొడితే తీసుకుపోయిన వాళ్ళ వెంట పడి లాక్కొచ్చేది. ఇప్పుడు ప్రాక్టీసుకి అందరికంటే ముందు వెళ్ళి నీళ్ళ సీసాలు నింపుతోంది. ఆ పని ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. ఒంగోలులో మా జట్టు పిల్లల్లో ఒకరి తల్లి దాన్ని చూసి, "పన్నెండు దాటిన పిల్ల ఇంత చిన్నగా ఉందేంటమ్మా, తిండి పెట్టట్లేదా?" అంది. నలుగురిలో. రోజుకి రెండు గుడ్లు పెడుతున్నానని ఆవిడకి చెప్పబోయి ఊరుకున్నాను. మనం పిల్లలకి తిండి పెట్టలేని వాళ్ళమని ఎవరూ అనుకోకూడదు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటోంది.

వచ్చే ఏడాదికి పేరు నమోదు చేయాలంటే పుట్టిన తేదీ సర్టిఫికెట్ కావాలంటున్నారు. బడి కాగితం చాలదట. మన ఇంట్లో ట్రంకుపెట్టెలో ఏమైనా ఉందేమో చూసి పంపు. ఒంగోలు ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఆటోలోనే పుట్టిందని అమ్మ ఎప్పుడూ చెబుతుంది. అప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను, ఏడూ తేదీ బడి కాగితంలో చూసినవే నాకు తెలుసు. అయినా ఎక్కడో ఒకచోట రాయించే ఉంటారుగా.

నీ కూతురు
క్రిస్టీనా

కింద చెల్లి రాస్తానంటోంది:

నాన్నా, నేను బాగున్నాను. నా జెర్సీ కూడా బాగుంది. అందరివీ మట్టి అయ్యాయి, నాది ఇంకా కొత్తగానే ఉంది. అక్క ఉతకక్కర్లేదు. అమ్మకి ముద్దులు. జాస్మిన్, 16.


చినదేవరపాలెం,
జనవరి 26, ఆదివారం

నా తల్లి క్రిస్టీనాకు,

చిన్నది కింద రాసిన నాలుగు ముక్కలు చదివాక నీకు ఇంకేమీ దాచగూడదనుకున్నాను.

నేను ఒంగోలు వచ్చాను. మీ అమ్మ ఫోన్లో కనుక్కున్న తేదీ పట్టుకుని రెండో రోజు పొద్దున్నే బస్సెక్కి గ్రౌండుకి వచ్చి కంచె బయట నిలబడ్డాను. మీకు కనపడలేదు, కనపడేట్టు నిలబడలేదు. నాకు చెవులు లేవు గనుక అరుపులూ ఈలలూ ఏవీ తెలియలేదు. ఉన్నవి కళ్ళే. అందరూ ఆట చూస్తున్నారు, నేను పక్కన బల్ల మీద కూర్చున్న మన పిల్లని చూశాను. నిన్న కొన్న చెప్పులు ఎవరన్నా తొక్కుతారేమోనన్నట్టు కాళ్ళు లోపలికి ముడుచుకుని కూర్చుంది. మన ఇంట్లో అట్టా కూర్చునే పిల్ల కాదు. మీ ముందుకి వస్తే ఒక సంగతి చెప్పాల్సి వస్తుందని వెనక్కి వచ్చేశాను. అది ఇప్పుడు రాస్తున్నాను.

జాస్మిన్ పుట్టింది 2012 జూన్ పది కాదు. 2013 సెప్టెంబరు అయిదు. అంటే దానికి ఇప్పుడు పదకొండు దాటి నాలుగు నెలలు.

బడిలో వేసిన ఏడు మీ అమ్మ పత్తి కలుపుకి పోవాలి, నేను మిల్లుకి పోవాలి. అంగన్‌వాడీ మధ్యాహ్నానికే మూసేవాళ్ళు. బడి అయితే సాయంత్రం దాకా, అన్నం పెట్టి ఉంచుకుంటారు. అయిదేళ్ళు నిండాలన్నారు. దానికి నాలుగు కూడా నిండలేదు. "నిండినయ్యండీ" అని నేనే చెప్పాను. ఏ తేదీ అంటే, ఆ రోజు తేదీకి అయిదేళ్ళు వెనక్కి లెక్కపెట్టి వేశారు. మన పల్లెలో సగం మంది పిల్లలు జూన్ నెలలోనే పుట్టారు, ఎప్పుడైనా గమనించావా? అందరం అదే చేశాం. దాంట్లో తప్పుందని తెలుసు, అది ఎవరికన్నా అడ్డమొస్తుందని మాత్రం తెలియదు.

అసలు తేదీ మన చర్చి రిజిస్టర్లో ఉంది. పిల్లని దేవునికి ప్రతిష్ఠ చేయించిన రోజు ఇమ్మానుయేలు పాస్టరు గారు పుట్టిన తేదీతో సహా తన చేత్తో రాశారు. ఆయన దగ్గర అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు జట్టు సంగతి. నాకు ఆట తెలియదని రాశాను గానీ మీ అమ్మకి తెలుసు. ఆమె మాట నా చెవిలో చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"నేను కోతకి పోయిన మొదటేడు నన్ను ఇద్దరు పెద్ద కోతగత్తెల మజ్జన సాల్లో పెట్టారు. గొప్పగా ఉండింది. వాళ్ళ సాళ్ళు ముందే అయిపోయేవి. అయిపోంగానే అటు గట్టు నుంచి నాకు ఎదురు కోసుకుంటా వచ్చేవాళ్ళు, అందరం ఒక్కసారి పోదామని. మంచోళ్ళే పాపం. కానీ ఆ ఏడు మొత్తం నేను ఒక్క సాలు కూడా సొంతంగా గట్టు దాకా పోలేదు. సగంలోనే వాళ్ళు ఎదురయ్యేవాళ్ళు. రెండో ఏడు నన్ను ముసలమ్మల ముఠాకి మార్చారని ఏడ్చాను. అక్కడ ఎవురూ ఎదురు రాలేదు. ఎండ దిగినాక అయినా నా సాలు నేనే గట్టు ఎక్కించాను. మూడో ఏటికి నన్నే మేస్త్రిని చేశారు. చిన్నదాన్ని సొంతంగా గట్టెక్కే చోట పెట్టమను, అంతే."

నిజం రాస్తే దాని పేరు కొట్టేస్తారో, మమ్మల్ని దొంగలంటారో నాకు తెలియదు. నేను సంఘంలో పెద్దని. ఆదివారం కానుక పళ్ళెం పట్టుకుని తిరిగేది నేనే. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

ఒక మాట మిగిలింది. నీది కూడా అంతే, తల్లీ. నీకూ దాదాపు ఏడాది ఎక్కువ వేయించాను. నిన్ను మాత్రం కూలి కోసం కాదు. పక్కింటి పిల్ల పలక పట్టుకుని పోతుంటే నువ్వు రెండు రోజులు అన్నం మానేశావు. నీ అసలు తేదీ కూడా ఆ రిజిస్టర్లోనే ఉంది.

ఒంగోలులో ఆ తల్లి అన్న మాటకి నువ్వు బాధపడొద్దు. నా కూతుళ్ళు చిన్నగా లేరు. నేనే వాళ్ళని తమకంటే పెద్దవాళ్ళ మధ్య నిలబెట్టి చెప్పకుండా ఊరుకున్నాను. ఇద్దరూ నిలబడ్డారు.

మీ నాన్న
యేసుపాదం


గుంటూరు,
ఫిబ్రవరి 16, ఆదివారం

ప్రియమైన నాన్నకు,

వందనాలు.

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు దాన్ని మళ్ళీ తెరవలేదు. కోపం వచ్చింది, దాచను. కంచె బయటిదాకా వచ్చి వెళ్ళిపోయినందుకు ఎక్కువ వచ్చింది. నాలుగో రోజు తరగతిలో పిల్లలకి లెక్క చెబుతూ, నల్లబల్ల మీద నాకు తెలియకుండానే తీసివేత వేశాను. పదో తరగతిలో నేను మండలంలో రెండో స్థానం తెచ్చుకున్నప్పుడు నాకు పద్నాలుగేళ్ళే. మొదటి స్థానం వచ్చిన అమ్మాయి ముందు అప్పట్లో ఎంత చిన్నబోయానో నీకు గుర్తుందా? ఆ తీసివేతని చెరపకుండా కాసేపు చూస్తూ నిలబడ్డాను. పిల్లలు "టీచర్, ఇది ఏ చాప్టర్?" అన్నారు.

ఆ సాయంత్రమే బాషా సారు దగ్గరికి వెళ్ళాను. రిజిస్టర్లో చెల్లి పేజీ ఫోటో నేను అడగ్గానే ఇమ్మానుయేలు గారు నా ఫోన్‌కి పంపారు. సారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"అమ్మా, ఇరవై ఏళ్ళుగా పిల్లలకి వయసు తగ్గించి రాయించుకొచ్చే తండ్రుల్ని చూస్తున్నా. ఎక్కువ వేయించిన తండ్రిని ఇదే చూడటం. ఆయన్ని నేను ఒకసారి కలవాలి."

"తప్పు చేశామండీ" అన్నాను.

"తప్పే. కానీ ఏడాది చిన్నది పెద్దపిల్లల్లో పదహారోదిగా నిలబడిందంటే, నేనే దాన్ని తక్కువగా చూశాను."

ఆ మాట నీకు అక్షరం మారకుండా రాయాలని దారంతా అనుకుంటూ వచ్చాను.

చెల్లికి చెప్పినప్పుడు మాత్రం ఏడుస్తుందనుకున్నాను. "అంటే పదమూడు లోపు జట్టులో నాకు ఇంకో ఏడాది ఉందా?" అని మూడుసార్లు అడిగింది. ఉందన్నాక వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, "అయితే మా జట్టులో శ్రీరమ్య నన్ను అక్కా అంటుంది కదా, ఇప్పుడు నేనే దాన్ని అక్కా అనాలా?" అంది. దానికి పట్టిన దిగులు అదొక్కటే.

నాన్నా, మొదటి జట్టు నుంచి నేనే తీయించాను. అమ్మ మాట చదివి వినిపిస్తే సారు, "మీ అమ్మగారు ఏ గ్రౌండులో కోచింగ్ ఇస్తారు?" అని అడిగారు. "తేజ మిరప చేలోనండీ" అన్నాను. రెండో జట్టుకి మార్చేటప్పుడు చెల్లి ఏడవలేదు గానీ నీలం జెర్సీ మడత పెట్టి తిరిగి ఇవ్వబోయింది. సారు వద్దన్నారు. "ఉంచుకో. వచ్చే ఏడు కావాలిగా. అప్పటిదాకా ఇందులోనే ఆడు, మట్టి చెయ్యి" అన్నారు.

నిన్న శనివారం పెదకాకాని బడి వాళ్ళతో మ్యాచ్. నువ్వు చూడలేదు కాబట్టి రాస్తున్నాను. మన పిల్ల మొదటి నుంచి చివరి వరకూ ఆడింది. మొదటి పది నిమిషాలు పాత భయమే, బంతి రాగానే పక్కకి ఇచ్చేసింది. తర్వాత ఒకసారి పోగొట్టింది. అందరం చూస్తున్నాం. బల్ల వైపు చూసింది, దాని బదులు ఆడటానికి ఎవరూ లేచి రాలేదు. అంతే, వెనక్కి తిరిగి ఆ పిల్ల వెంటపడి బంతి లాక్కుంది. ఇక అక్కడి నుంచి ఆగలేదు. మన వాళ్ళలో ఒకమ్మాయి నిలబడిపోతే "ఏందే, నిద్రపోతన్నావా? పైకి రా!" అని అరిచింది. ముఠాలో అమ్మ అరుపు అచ్చంగా అదే. నువ్వు కంచె బయట ఉన్నా వినబడేది.

మూడు ఒకటితో ఓడిపోయాం. ఆ ఒకటి దానిది. సగం గ్రౌండు నుంచి ఒక్కతే తీసుకెళ్ళింది, సాయంగా ఎవరూ ఎదురు రాలేదు. గోల్ కొట్టి, అమ్మ సాలు అయిపోయాక గట్టు మీద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంటుంది చూడు, అలా నిలబడింది. అది అమ్మని చూసి నేర్చుకోలేదు. దానికి తెలియకుండానే వచ్చింది. బంతి ఎన్నిసార్లు తగిలిందని నువ్వు అడుగుతావుగా, లెక్కపెట్టడం మర్చిపోయానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. జెర్సీ రెండుసార్లు ఉతికాను. పదహారులో ఆరు పక్కన ఎర్రమట్టి మరక పోవడం లేదు. పోవద్దులే అంటోంది చెల్లి.

ఇప్పుడు నీతో పని. వచ్చే ఏడాది ఆడేవాళ్ళ పేర్లు ఈ మార్చి నెల ఒకటో తేదీ, శనివారం, ఇక్కడి ఫుట్‌బాల్ కమిటీకి పంపుతారు. అసలు తేదీతో చెల్లి పేరు వెళ్ళాలంటే తండ్రి స్వయంగా వచ్చి, బడిలో వేసేటప్పుడు వయసు ఎక్కువ చెప్పింది నేనేనని సంతకం పెట్టాలి. రిజిస్టర్ పట్టుకుని ఇమ్మానుయేలు గారు కూడా రావాలి, వస్తానన్నారు. కమిటీలో ముగ్గురు ఉంటారు. వయసు దిద్దుకోవడానికి వచ్చారని ముందు అనుమానంగానే చూస్తారట, సారు దాచకుండా చెప్పారు. నువ్వు సంతకం పెట్టకపోతే జూన్‌తో దానికి పదమూడు నిండినట్టే. ఈ ఏడాది మళ్ళీ రాదు.

నీకు ఎంత కష్టమో తెలుసు. నువ్వు ముందు ఆదివారం సంఘంలో చెప్పుకుంటావో, గుంటూరు వచ్చాకే చెబుతావో నీ ఇష్టం. నేను నీ పక్కనే కూర్చుంటాను. వాళ్ళు అడిగింది కాగితం మీద రాసి చూపిస్తాను, నువ్వు జవాబు చెప్పు. "నిండినయ్యండీ" అన్న గొంతుతోనే "నిండలేదండీ" అను, అంతే చాలు. ఆ పల్లెలో జూన్‌లో పుట్టిన పిల్లల తండ్రులందరిలోకీ ఆ మాట ముందు చెప్పింది మా నాన్న అని నేను అందరికీ చెప్పుకుంటాను. ఈసారి కంచె బయట నిలబడొద్దు. మధ్యాహ్నం మ్యాచ్ ఉంది, నీకోసం బల్ల మీద చోటు ఉంచుతాను.

ఇక నా తేదీ. నాది మార్పించను, డిగ్రీ కాగితాల మీద ఉన్నదే ఉండనివ్వు. కానీ తెలుసుకోవాలి. ఇమ్మానుయేలు గారిని అడిగితే ఆ పేజీ కూడా ఫోటో తీసి పంపేవారే, నేనే అడగలేదు. నువ్వు చర్చికి వెళ్ళి, ఆ రిజిస్టర్లో నా పేరు వెతికి, దాని ఎదుట ఉన్న తేదీని నీ చేత్తో రాసి పంపు. ఒకటో తేదీ బస్సుకి వస్తున్నావో లేదో కూడా ఆ కాగితం మీదే రాయి. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది లోపల నాకు అందాలి.

నీ కూతురు
క్రిస్టీనా